షాలేం చెట్టు

ప్లాస్టిక్‌ది మాత్రం వద్దు. నేను పనిచేసే కళ్ళద్దాల షాపు మెట్లు దిగుతూనే అలా అనేసుకున్నాను, అయినా రాంగోపాల్‌పేట్ రోడ్డు మీద నా కాళ్ళు మొదట ఆగింది ప్లాస్టిక్ చెట్ల ముందే, ఎందుకంటే అవి బాగా వెలుగుతున్నాయి, వెలిగే దేని ముందైనా గుడ్లప్పగించి నిలబడిపోయే మనిషిని నేను, షాలేం ఉంటే ఈపాటికి మోచెయ్యి పట్టుకుని లాగేసేవాడు. అవి చెట్లు కావు, గొడుగులు అనేవాడు. నిజంగానే గొడుగుల్లాగే తెరుస్తారు వాటిని, షాపు కుర్రవాళ్ళు ఒక్కో కొమ్మా కిందికి వంచితే ఆకుపచ్చగా విచ్చుకుంటుంది, పండగ అయ్యాక ముడిచి అట్టపెట్టెలో పెట్టి అటక మీదికి తోసేయొచ్చు, వచ్చే ఏడు దించుకుంటే మళ్ళీ అదే చెట్టు, ఎండదు, రాలదు, చావదు. ఒక్క క్షణం, అదే మేలేమో, చావనిదే కొనుక్కుంటే పోలా అనిపించింది. అత్తయ్యగారు ఏమంటారో? అనరు, అదే కదా బాధ, ఆవిడ ఏమీ అనరు. ఆగస్టు నుంచి ఆ ఇంట్లో నాకు వినిపించిన మాటలు అన్నం తిన్నావా, పాలు వచ్చాయా, తలుపు వేశావా, ఇంతే. అలాంటిది ఈ పొద్దున నేను చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి, "షాలేం చెట్టు తేవాలి కదమ్మాయ్, నువ్వే చూసి తీసుకురా. మంచిది చూడు," అన్నారు. నెత్తిన పాలు పోసినట్టయింది. బస్సులో కూర్చున్నాక కూడా ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంటూ వచ్చాను, నువ్వే చూసి, అన్నారు, నువ్వే.

మా ఇంట్లో క్రిస్మస్ చెట్టుకి పేరు షాలేం చెట్టు. వాడకట్టు పిల్లలందరూ అలాగే అంటారు, ఎందుకంటే మౌలాలిలో మా వీధి మొత్తానికి ప్లాస్టిక్ కాని చెట్టు తెచ్చేవాడు షాలేం ఒక్కడే. స్కూటర్ వెనక సరుగుడు కొమ్మని అడ్డంగా కట్టుకుని, దారి పొడుగునా ఆటోవాళ్ళ చేత తిట్లు తింటూ వచ్చేవాడు. షాలేం నా భర్త. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. వానాకాలంలో వచ్చిన జ్వరం వారం తిరక్కుండా మనిషిని తీసుకుపోయింది, అందరికీ వచ్చింది ఆ జ్వరం, వీధిలో సగం మందికి వచ్చింది, అందరూ లేచి బొప్పాయి ఆకుల రసం గురించి కథలు చెప్పుకుంటున్నారు. పోయినవాడు పోగా ఇంట్లో మిగిలింది ఇద్దరం ఆడవాళ్ళం, వాళ్ళమ్మ ఎలీసబెతు, నేను ఇల్మా. పిల్లలు లేరు. గోదావరి వైపు క్రైస్తవుల ఇంట్లో పుట్టిన ఆవిడకీ, మౌలాలి సాయిబుల ఇంట్లో పుట్టిన నాకూ మధ్య ఉన్న ఒకే ఒక్క చుట్టరికం వాడు, ఆ వాడే లేకపోతే మేం ఒకరికొకరం ఏమవుతామో చెప్పేవాళ్ళెవరూ లేరు. ఆవిడ వెళ్ళిపోతారేమో అని నా భయం. రోజూ షాపు నుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు వీధి మలుపులో మొదట మా వంటింటి లైటు కోసం చూస్తాను, వెలుగుతుంటే ఊపిరి పీల్చుకుంటాను, ఇంత వయసొచ్చి ఇదేం జబ్బో. అందుకే పొద్దుటి మాట నాకు అంత పెద్దదయింది. చెట్టు తెమ్మన్నారంటే పండగ చేస్తారన్న మాట, పండగ చేస్తారంటే ఇల్లు ఉంటుందన్న మాట, ఇల్లు ఉంటుందంటే ఆవిడ ఉంటారన్న మాట. లెక్కల మాస్టారి పెళ్ళాన్ని, ఈ మాత్రం లెక్క నాకూ వచ్చు.

ప్లాస్టిక్ షాపు దాటాక, మూసేసిన షట్టర్ ముందు ఫుట్‌పాత్ మీద నిజం చెట్లు. నరికిన సరుగుడు కొమ్మలన్నీ షట్టర్‌కి ఆనించి ఉన్నాయి, వాటి ముందు నల్ల కవర్లలో, మట్టి కుండీల్లో చిన్న చిన్న క్రిస్మస్ మొక్కలు, అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు వేసుకుని బుద్ధిగా నిలబడి ఉన్నాయి. పక్క బండివాడు అమ్మేవాణ్ణి చాంద్‌పాషా భాయ్ అని పిలిచి చాయ్ ఇచ్చాడు. పెద్దవాడే. కళ్ళద్దాల కుడి కాడ విరిగితే దారం చుట్టుకున్నాడు, దారం కూడా నల్లబడింది, ఎడమ అద్దం మీద గీత, ఆ గీతలోంచే చూస్తున్నాడు నన్ను. నాకిది పాడు అలవాటు, మనిషిని చూడమంటే ఫ్రేము చూస్తాను. నేను ముందు చూసింది షాలేంని కూడా కాదు, వాడు షాపు కౌంటర్ మీద పెట్టిన ముక్కల్ని, వాళ్ళమ్మ కళ్ళద్దాలవి, దుప్పటి దులిపేటప్పుడు కింద పడ్డాయట. రేపటికల్లా కావాలండీ, అమ్మ బైబిల్ చదవకపోతే ఇంట్లో మాకు అన్నం పుట్టదు, అన్నాడు. మర్నాడు తీసుకెళ్ళాడు. ఆ మర్నాడు మళ్ళీ వచ్చాడు, ముక్కు మీద నొక్కుతోందట. మళ్ళీ వచ్చాడు, చెవి దగ్గర వదులయిందట. నాలుగోసారి వచ్చినప్పుడు నేనే అడిగాను, మీ అమ్మగారి ముక్కు రోజుకో రకంగా మారుతుందా అని. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ ముక్కుని ఆవిడ కంటే ముందే ఎరుగుదును నేను.

"ఇంట్లకేనా అమ్మా? సూడు, పొద్దుగాలనే దించిన మాల్ ఇది. పచ్చిగున్నది. ముట్టుకో," అన్నాడు చాంద్‌పాషా.

ముట్టుకున్నాను. సరుగుడు ఆకు ముట్టుకుంటే ఆకులా ఉండదు, సన్నగా దారాల్లాగా వేళ్ళ మధ్య నుంచి జారిపోతుంది, వాసన మాత్రం వాన వెలిసిన తర్వాతి కట్టెల అడితిలా ఉంటుంది. నా మొదటి క్రిస్మస్‌కి ఈ వాసనతోనే ఇల్లంతా నిండిపోయింది. పాత రంగు డబ్బాలో తడి ఇసుక పోసి, ఇటుక ముక్కలు కుక్కి, వాడు కొమ్మని నిలబెడుతుంటే నేను పట్టుకున్నాను, ఎడమకి, కుడికి, ఇంకా ఎడమకి, అంటూ వాడు దూరం నుంచి ఒంటి కన్ను మూసి చూశాడు, లెక్కల మాస్టారు కదా, నిట్టనిలువుగా లేకపోతే పండగ చెల్లదు. తర్వాత మందుల షాపు దూది చుట్ట తెచ్చి పీకి పీకి కొమ్మల మీద పెట్టాం, అదే మంచు. ఆ ఇంట్లో ఎవరూ పుట్టి బుద్ధెరిగాక మంచు చూసిన పాపాన పోలేదు, అయినా దూది ఎంత పెట్టాలన్న దాని మీద తల్లీ కొడుకూ పోట్లాడుకున్నారు, ఎక్కువ పెట్టకురా, ఆస్పత్రి కట్టులా ఉంది, అని ఆవిడ. అంతకు ముందు పది రోజుల నుంచీ పళ్ళెంలో రాగులు చల్లి నేను నీళ్ళు చిలకరిస్తున్నాను, చెట్టు కింద పెట్టే యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ ముందు గడ్డి కోసం, అవి వేలెడెత్తు లేచాయి, అత్తయ్యగారు కళ్ళద్దాలు పైకి నెట్టుకుని వంగి చూసి, పర్లేదే, నీ చెయ్యి మంచిదే, అన్నారు. ఆవిడ గుడికెళ్దాం పద అంటే నేను ఎక్కడికోనని కంగారు పడేదాన్ని, వాళ్ళ వైపు చర్చిని గుడి అంటారని తెలియడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. అలాంటి మాటలు చాలా ఉన్నాయి ఆవిడ దగ్గర. ఒక్కో మాటా తెలిసినదే, అర్థమే వేరే. షాలేం మధ్యలో నిలబడి అటువి ఇటు, ఇటువి అటు చెప్పేవాడు, ఇద్దరినీ ఏడిపించేవాడు. ఇప్పుడు ఎవరు చెబుతారు?

అనుమానం రాలేదని కాదు. డిసెంబరు మొదలయినప్పటి నుంచీ వీధిలో ప్రతి క్రైస్తవుల ఇంటి మీదా స్టార్ వెలుగుతోంది, మా ఇంటి మీద లేదు. స్టార్ అటక మీద ఉంది, ఎక్కి కట్టేవాడు లేడు కదా, అందుకని అనుకున్నాను. మాలో అయితే చావు జరిగిన ఇంట్లో మొదటి ఈద్‌కి పాలు కూడా కాగవు, పక్కింటి వాళ్ళు షీర్ ఖుర్మా తెచ్చిస్తే గోడకానుకుని కూర్చుని ఏడుస్తూ రెండు చెంచాలు తింటారు, మా అబ్బా చనిపోయిన ఏడు అమ్మీ అలాగే తింది. కానీ వీళ్ళు వేరు. వీళ్ళు శవపెట్టె ముందు నిలబడి పాటలు పాడతారు. షాలేంని హాల్లో పెట్టెలో పడుకోబెట్టినప్పుడు చర్చి వాళ్ళంతా వచ్చి చప్పట్లు లేకుండా, కానీ గొంతెత్తి, రాగం తప్పకుండా పాడారు, అందులో అత్తయ్యగారి గొంతు కూడా ఉంది, నేను బిత్తరపోయి చూశాను, కన్నకొడుకు శవం దగ్గర పాడుతున్న తల్లిని నేనెప్పుడూ చూడలేదు. పోయాడు అనరు వీళ్ళు. నిద్రించాడు, అంటారు. గోడకి అతికించిన కాగితంలో కూడా ప్రభువునందు నిద్రించెను అనే వేశారు. నిద్రపోతే గురక పెట్టేవాడమ్మా మీ షాలేం, గోడలదిరేవి, ఇది నిద్ర కాదు, అని అరవాలనిపించింది. నేను చేయగలిగింది ఒక్కటే చేశాను, వాడి కళ్ళద్దాలు చీర కొంగుతో తుడిచి వాడికి పెట్టాను, కాడలు చెవుల వెనక సరిచేశాను, అదే కదా నా పని. ఆవిడ పాట ఆపకుండానే వంగి నెమ్మదిగా తీసేశారు. "నిద్రపోయేవాడికి అద్దాలెందుకమ్మా," అన్నారు. కోపంగా కాదు, పసివాడి విషయంలో చెప్పినట్టు చెప్పారు. మరి అంత నమ్మకం ఉన్న మనిషి, కొడుకు ఉత్తినే పడుకున్నాడనుకునే మనిషి, చెట్టు పెట్టరా? పెడతారు. చావులో పాడినవాళ్ళు పండగలో పాడరా, నేను ఇలాగే అనుకున్నాను, ఇందులో తప్పేమైనా కనబడుతోందా ఎవరికైనా?

పోయిన నెలలో ఒకరోజు స్నానాల గది తలుపు వెనక నుంచి విన్నాను, కావాలని కాదు, ఆవిడ ఫోన్లో గట్టిగా మాట్లాడతారు. సామర్లకోటలో ఉన్న చెల్లెలు కాంతమణిగారితో. ఇక్కడేముందే నాకు, అంటున్నారు. ఆ పిల్లకి వాళ్ళవాళ్ళున్నారు కదే, అంటున్నారు. నాకు వాళ్ళవాళ్ళా! మౌలాలిలోనే, గుట్ట కింద, మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నారు నావాళ్ళు, పెళ్ళినాడు మూసిన తలుపు చావునాడు జానెడు తెరిచారు, రావాలంటే అన్నీ వదిలేసి రా అన్నాడు తమ్ముడు రఫీ. ఆ అన్నీలో ఏమేం వస్తాయో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. ఆవిడకి ఇదంతా తెలియదు. చెప్పలేదా అంటే చెప్పలేదు, ఎలా చెప్పాలి, మీరు వెళ్ళిపోతే నాకు అన్నం తిన్నావా అని అడిగే నోరు ఈ ఊళ్ళో లేదు అత్తయ్యగారూ అని చెప్పాలా. ఆవిడ రాత్రి దగ్గితే నాకు ధైర్యంగా ఉంటుంది. ఇద్దరం చెరో గదిలో మేలుకుని ఉంటాం, అది ఇద్దరికీ తెలుసు, తెల్లారాక పాలు వచ్చాయా అంటారు ఆవిడ, వచ్చాయి అంటాను నేను. ఇది కూడా కాపురమే. ఆ రోజు ఫోన్లో ఆఖరున, చూద్దాంలే జనవరిలో, అన్నారు. చూద్దాం అన్నారు కదా, వస్తాననలేదు కదా అని నేను నీళ్ళు ఆగిపోయిన బకెట్ ముందు కూర్చుని సంతోషించాను.

ఇది వంకర, అది గుబురుగా లేదు, ఇంకోదానికి ఒకవైపు కొమ్మలే లేవు, అయినా గోడ మూలకి పెట్టేస్తే కనబడదనుకో, కానీ మూలకి పెట్టేదాన్ని కూడా షాలేం ఒప్పుకునేవాడు కాదు, వీధిలో పిల్లలు వెనక్కి కూడా వెళ్ళి చూస్తారు అనేవాడు. చాంద్‌పాషాకి ఓపిక తగ్గుతోంది. ఒక్కో కొమ్మనీ లాగి, నిలబెట్టి, నేల మీద దబ్బున కొట్టి ఆకు రాలడం లేదని చూపిస్తున్నాడు.

"గింత సూసుడేందమ్మా, పెండ్లిపిల్లను సూసినట్టు! పది దినాల పండగ. అయినంక బైట పారేసేదే గదా."

"మంచిది చూడమన్నరు చాచా, అత్తమ్మ."

అబద్ధం కాదు ఆ మాట. మంచిది చూడు, అన్నారు. ఎంత గర్వంగా అన్నానో నాకే వినిపించింది, కొత్త కోడలు వాడకట్టులో చెప్పుకున్నట్టు. అప్పుడు కనిపించింది, అన్నిటి వెనక, షట్టర్ మూలన, నాకంటే పొడుగ్గా, నాలుగువైపులా సమానంగా, చివర ఒక్క కొమ్మ స్టార్ గుచ్చడానికే అన్నట్టు నిటారుగా. అదే, అన్నాను. దాన్ని బయటికి తీస్తుంటే ఆకంతా ఒక్కసారి ఊగింది, దుమ్ము లేచింది, తుమ్మాను. ఎక్కడ పెట్టాలో కూడా చూసేసుకున్నాను, హాల్లో కిటికీ పక్కన, అత్తయ్యగారి కుర్చీకి ఎదురుగా, సీరియల్ లైట్లు పోయిన ఏడువి పనిచేస్తాయో లేదో, దూది దారిలో కొనాలి, రాగులు మొలకెత్తడానికి ఇంక టైము లేదు, పోనీ గోధుమలు నానబెడితే? ఇరవై నాలుగో తారీకు రాత్రికి క్యారల్స్ వాళ్ళు వస్తే వాళ్ళకి రోజ్ కుకీలు ఎవరు చేస్తారు, ఆవిడ చేస్తారు, పిండి నేను కలుపుతాను, అచ్చుని పిండిలో ముంచేటప్పుడు పూర్తిగా మునగనీయకు అని తిడతారు, తిట్టనీ. చాంద్‌పాషా కొబ్బరితాడుతో కొమ్మల్ని పైకి లాగి చుట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది ఫ్యాను. పోయిన ఏడు చెట్టు చివర ఫ్యాను రెక్కకి తగిలి స్టార్ ఎగిరి అత్తయ్యగారి ఒళ్ళో పడింది. ఒక మాట అడిగితే పోలా అని ఫోన్ చేశాను, అడగడానికి ఒక వంక దొరికిందని కూడా చేశాను.

"అత్తయ్యగారూ, నేనే. చెట్టు చూసిన, మంచిగుంది. జెర పొడుగున్నది. ఫ్యానుకు తగుల్తదా అని."

"ఫ్యానేంటమ్మాయ్?"

"హాల్లో ఫ్యాను."

అటువైపు కుక్కర్ విజిల్ వేసింది. ఆవిడ స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"హాల్లోకెందుకమ్మా? చావు జరిగిన ఇల్లు. ఏడాది తిరిగేదాకా చెట్టు పెట్టరు, స్టారూ కట్టరు. నీకెవరూ చెప్పలేదా? షాలేముకేనమ్మాయ్ ఆ చెట్టు. తోటలో, వాడి రాయి పక్కన. కొమ్మ వద్దు, కుండీలోది చూడు, వేళ్ళున్నది. క్రిస్మస్ ఆరాధన అవ్వగానే నాటేసి, సాయంత్రం బండికి నేను సామర్లకోట వెళ్ళిపోతాను. కాంతమణి టిక్కెట్టు తీయించేసింది. నీకు చెబుదామనే అనుకుంటున్నాను. మొక్క అన్నాక నీళ్ళు పోసేవాళ్ళుండాలి కదా. నువ్వు చూసి తెచ్చిందైతే నువ్వు చూసుకుంటావని."

"మళ్ళ ఎప్పుడొస్తరు?"

"చూద్దాం," అన్నారు.

ఫోన్ పెట్టేశాక కూడా చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాను. షాలేం చెట్టు. షాలేం తెచ్చే చెట్టు, షాలేం పెట్టే చెట్టు, షాలేముకి పెట్టే చెట్టు, అన్నిటికీ అదే మాట, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, నేను నాకు కావలసిన వైపు తిప్పుకున్నాను. తోట అంటే వీళ్ళకి సమాధుల తోట, ఉత్త తోట కాదు, అది కూడా తెలుసు నాకు, ఆదివారం చర్చి అయ్యాక ఆవిడ తోటకెళ్ళొస్తా అంటే ఎక్కడికో తెలుసు. తెలిసి ఏం లాభం. పొద్దుటి నుంచి షాపులో నేను ఎంత హుషారుగా ఉన్నానో తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది, వచ్చిన ప్రతివాళ్ళకీ ఫ్రేములు నవ్వుతూ పెట్టాను, ఒకావిడ మీకు సంబంధం కుదిరిందా అని కూడా అడిగింది. ఏడుపు వస్తోంది, రోడ్డు మీద ఏడవకూడదు. ఆవిడ నన్ను మోసం చేయలేదు. కోపం తెచ్చుకుందామన్నా ఎక్కడా పట్టు దొరకడం లేదు, మంచిదే చూడమన్నారు, నన్నే చూడమన్నారు, నీళ్ళు పోస్తానని నమ్మారు, ఆ ఇంట్లో నన్ను నమ్మి ఆవిడ అప్పగించిన మొదటి పని ఇది, ఆఖరిదీ ఇదే. రోడ్డు అవతల స్వీటు షాపు ముందు ఎర్రటోపీ పెట్టుకున్న మనిషి గంట కొడుతున్నాడు, కొడుతూనే ఉన్నాడు, ఎవరైనా ఆపమంటే బాగుండును.

"చాచా, గిది వద్దు. చిన్నది కావాలె. కుండీలది."

"ఏందమ్మా, గిప్పుడే గదా ముద్దుగున్నదన్నవ్! కట్టిన సుత కట్టిన."

"ఇంట్లోకి కాదంట. బైట నాటుడు."

గొణుక్కుంటూ తాడు విప్పాడు, పాపం. కొమ్మలు ఒక్కొక్కటే కిందికి వాలాయి. దాన్ని మళ్ళీ షట్టర్ మూలకి ఈడ్చుకెళ్ళాడు, నేను అటు చూడలేదు. కుండీల ముందు గొంతుక్కూర్చున్నాను. ఏవీ నా మోకాలంత లేవు, పైన లేతగా ఒక్కో చిగురు, వేలు పెట్టి చూస్తే మెత్తగా ఉన్నాయి, కింది ఆకులు మాత్రం సరుగుడు లాగా జారిపోవు, గుచ్చుకుంటాయి. ఒకటి చూశాను, ఇంకొకటి చూశాను, దేనికీ వంక కనబడలేదు, వంక పెట్టాలనే లేదు. చాంద్‌పాషా పక్కనే వంగి, దారం చుట్టిన కళ్ళద్దాలు ముక్కు మీద సర్దుకుంటూ మాట కాస్త తగ్గించి అడిగాడు.

"ఎండ తగుల్తదా అమ్మా ఆడ, నీడనా? అది జెర చెప్పు. ఈ లేతవి ఎండల పెడితే మాడిపోతయ్. ఎండకు ఓర్చేది వేరే ఉన్నది, లోపల. జాగా ఎట్లున్నది?"

జాగా ఎట్లున్నది. నేను ఆ జాగా చూడలేదు. నా భర్తని పెట్టిన చోటు నేను చూడలేదు. మాలో ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కి వెళ్ళరు, అబ్బాని తీసుకెళ్ళినప్పుడు అమ్మీ పరదా వెనక నుంచే చూసింది, జనాజా మోసుకుంటూ మగవాళ్ళు గల్లీ దాటాక లోపలికొచ్చి కూలబడింది, అంతే, అంతవరకే మా వంతు. అందుకే షాలేం పెట్టె లేచినప్పుడు నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను, ఇంక నా వంతు అయిపోయిందనుకున్నాను, రమ్మని ఎవరూ అనలేదు, వాళ్ళలో అనక్కర్లేదు మరి, పెళ్ళాం వస్తుందని అందరికీ తెలిసిందే కదా. తెల్లచీరలు, చేతుల్లో బైబిళ్ళు, ఆడవాళ్ళంతా వ్యాను వెనక బస్సు ఎక్కుతున్నారని నేను గమనించేసరికి బస్సు కదిలింది. కిటికీ పక్కన అత్తయ్యగారు. తల తిప్పి నన్ను చూశారు, నేను గుమ్మంలో, చెప్పులు లేకుండా. షాపులో ఎవరి చూపైనా అలా ఉంటే అద్దాలు మార్చి పంపేదాన్ని. తోటలో అందరూ పిడికెడు మన్ను వేస్తారట, పెళ్ళాం వేసేదాని కోసం పాస్టరుగారు కాస్త ఆగారట, పక్కింటి విమలమ్మగారు తర్వాతెప్పుడో చెప్పారు, మన్ను వెయ్యడానికి కూడా రాలేదని నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారమ్మా అని. ఆవిడకి చెప్పొచ్చు కదా, మా పద్ధతి అది అత్తయ్యగారూ, తెలియక నిలబడిపోయానని. ఆ మర్నాడు చెప్పొచ్చు, ఆదరణ కూడిక అని ఇంట్లో ప్రార్థన పెట్టిన రోజు చెప్పొచ్చు. చెబుదామని వెళ్తే అన్నం తిన్నావా అన్నారు, తిన్నాను అన్నాను. ఆదివారాలు ఆవిడ ఒక్కరే తోటకెళ్ళొచ్చారు. నన్ను పిలుస్తారని నేను, నేనే వస్తానంటానని ఆవిడ, అలా చలికాలం వచ్చేసింది.

చాంద్‌పాషా చూస్తున్నాడు. మళ్ళీ ఫోన్ చేశాను, ఎంతసేపు మోగిందో.

"అత్తయ్యగారూ. ఒక్క మాట. అక్కడ... ఎండ తగుల్తదా?"

ఆవిడ ఊపిరి వినిపిస్తోంది. ఇప్పుడంటారు, నువ్వు చూడలేదు కదూ, అంటారు, అననీ, తిట్టనీ, ఏదో ఒకటి మొదలవుతుంది, నేను కూడా చెప్పేస్తాను, రోడ్డు మీదైనా సరే చెప్పేస్తాను.

"ఎండేనమ్మాయ్," అన్నారు. "పొద్దస్తమానం ఎండే. పక్కన గోడ కూడా లేదు."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"ఇంకేమన్నా కావాలా?" అన్నారు.

"లేదు," అన్నాను.

పెట్టేశారు. చాంద్‌పాషా చెయ్యి ఏ కుండీ మీద వెయ్యాలో తెలియక గాల్లో ఉంది.

"ఎండేనంట," అన్నాను.